ఒక్క తొన

వజ్రపుకొత్తూరు,
4-5-2025

లోకనాథ్ అన్నయ్యకు,

సంధ్య రాస్తున్నది. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరాలేంటని అక్కడ మీ వాళ్లు నవ్వితే నవ్వనీ. ఆ అండమాన్‌లో నువ్వు గుట్టెక్కితే గాని సిగ్నల్ దొరకదు. దొరికినా స్పీకర్ పెట్టి అరుస్తావు, చుట్టూ మన ఊరి మనుషులే. ఇటు చూస్తే అమ్మ నా పక్కనే కూర్చుంటుంది. ఇది నలుగురూ వినే మాట కాదు. రాయడానికే సిగ్గుగా ఉంది.

అమ్మ దొంగతనంగా పనస తొనలు తింటోంది అన్నయ్యా.

ఉగాది వెళ్లాక మాత్రలు చాలట్లేదని పలాస ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారని చెప్పాను కదా. అక్కడి సిస్టరు నన్ను కూర్చోబెట్టి అన్నీ నేర్పింది. మనం తిన్న అన్నం చక్కెరై రక్తంలో తిరుగుతుందట. రక్తంలో ఎంత ఉన్నా ఒంటికి పట్టాలంటే ఇన్సులిన్ తలుపు తియ్యాలి, అప్పుడే కండలోకి పోయి బలమవుతుంది. అమ్మ ఒంట్లో ఆ తలుపు తీసేది తక్కువైపోయింది, అందుకని బయటినుంచి సూదితో ఇస్తున్నాం. రోజూ సాయంత్రం అన్నానికి ముందు వేలు పొడిచి, నువ్వు పంపిన మిషనులో చూసి, పొట్టమీద నేనే వేస్తున్నాను.

ఏప్రిల్లో నెంబరు బాగానే ఉండేది. పనసకాయలు దిగడం మొదలయ్యాక చెడింది. తిత్లీ తుఫానుకు మిగిలిన చెట్లే అయినా ఈ ఏడు కాపు బాగుంది. తెల్లారకముందే అమ్మా, నేనూ, అప్పలమ్మ పిన్నీ మన పాకలో కూర్చుని తొనలు తీస్తాం, మీ బావ ఆటోలో కాశీబుగ్గ తీసుకెళ్తాడు. మధ్యాహ్నం మళ్లీ ఇంకో లోడుకి కూర్చుంటాం. సాయంత్రం లేచి చేతులకు కొబ్బరినూనె రాసి గోనెపట్టాకు తుడుచుకుని ఇంటికొచ్చి చూస్తే మూడొందల ఇరవై. ఇంకో రోజు మూడొందల అరవై.

అడిగితే ఏమందో తెలుసా? "ఓలమ్మా, ఒక్క తొన నోట్లో ఎట్టుకుంటే ఒట్టు. అడ్డచుట్ట కాల్చుకుంతా పని సేత్తాను. నోట్లో నిప్పెట్టుకున్నదాన్ని తొనెలా తింతానే? నాలిక కాలిపోదేటి?"

నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్టే అయినా, నిప్పు ఎప్పుడూ ఉండదు కదా. నేను అమ్మ కొంగు ముడి విప్పి చూశాను. నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. చుట్ట వాసన తప్ప ఏమీ రాలేదు, పనస వాసన అందులో కలిసిపోయి ఉంటుంది. అప్పలమ్మ పిన్ని చూసి నవ్వింది. "పోన్లేయే, పెద్ద పేనం, రుసికి ఆశపడతాది" అంది. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. కన్నతల్లి నోరు వాసన చూసిన కూతుర్ని నేనేనేమో ఈ ఊళ్లో.

మూడొందలు దాటితే రెండు యూనిట్లు కలపమనీ, వారమైనా దిగకపోతే తీసుకురమ్మనీ సిస్టరు చెప్పింది. కలుపుతున్నాను గాని తీసుకెళ్లడం లేదు. మా అమ్మ దొంగతిండి తింటోందని డాక్టరుకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు రెండు మాటలు రాయి. నీ మాటంటే వింటుంది.

నీ చెల్లెలు,
సంధ్య


రంగత్, అండమాన్,
15-5-2025

సంధ్యమ్మకు,

కవరు చూసిన దగ్గర్నుంచి మేస్త్రీ నన్ను తినేస్తున్నాడు, "పెళ్లి కబురేటిరా?" అని. అవునన్నాను. ఎవరికంటే "నీకే మేస్త్రీ" అన్నాను. రెండు రోజులు గడ్డం గీసుకుని తిరిగాడు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. స్లాబుకి చెక్కలు కొట్టి ఉంచాం, సిమెంటు పడవ మీద రావాలి, పడవ కదలట్లేదు. తిండికి లోటు లేదు. గీత పైనున్నది అమ్మకు చదివి వినిపించు, కిందిది నీకు ఒక్కదానికే.

అమ్మా, నేను బాగున్నాను. ఇక్కడా పనసపళ్లున్నాయి గాని మన ఉద్దానం తొన తిన్న నోటికి ఎక్కవు. సంధ్య చెప్పినట్టు విను. చుట్ట మానేయమని డాక్టరు చెప్పాడట, మానేయి. నీ ఆరోగ్యం జాగ్రత్త.

----------

సంధ్యా, నాకు ఒళ్లు మండిపోతోంది. నాన్నను చేతుల మీద ఎత్తుకుని డయాలసిస్‌కు తీసుకెళ్లింది నేను. ఆ సూదులు, ఆ వాసన ఇప్పటికీ కలలో వస్తాయి. షుగరు కూడా చివరికి కిడ్నీల మీదికే పోతుంది. మన ఉద్దానంలో కిడ్నీ మాట వింటేనే ఇంట్లో పొయ్యి ఆగిపోతుందే, ఆవిడకు ఆ మాత్రం తెలియదా? కళ్లతో చూసింది కదా! దొంగతిండి తినేదానికి మందెందుకు? మనకంటే ఆ ముసలిదానికి తొనలే ఎక్కువైతే ఆ పాకలోనే పడి ఉండమను, ఇంటికి రావద్దను. ముందు ఆ చుట్టలు లాక్కో. నోట్లో నిప్పు, నిప్పు అని మనల్ని వెర్రివాళ్లను చేస్తోంది.

కోపంలో రాశాను. నీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గర అంటాను?

మీ అన్న,
లోకనాథ్


వజ్రపుకొత్తూరు,
26-5-2025

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు మిషను నాలుగొందల పది చూపించింది. గీత పైదీ కిందిదీ మొత్తం చదివేశాను, అరుగు మీద నిలబడి, గొంతెత్తి. అప్పలమ్మ పిన్ని వాళ్ల ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడింది. అయినా ఆపలేదు.

అమ్మ ఏడవలేదు. "ఆడే రాసినాడా?" అని ఒక్కసారి అడిగింది. అవునన్నాను. రొంటిన ఉన్న చుట్టల కట్ట తీసి నా ముందు పెట్టింది. "నిప్పు తీసేత్తే నా సాచ్చికం తీసేసినట్టే. తీసుకో" అంది. ఆ రాత్రి అన్నం సగమే తిన్నది. నేను నెంబరు గుర్తొచ్చి మనసు గట్టి చేసుకున్నాను.

ఇప్పుడు ఇంకో తంతు మొదలుపెట్టింది. టీలో చక్కెర ఎలాగూ లేదు. ఎవరైనా అరటిపండు ఇచ్చినా తీసుకోవడం లేదు. తీపన్నది ప్రాణం పోయినా నోట్లో పెట్టనని నూకాలమ్మ మీద ఒట్టు పెట్టుకుందట, పిన్ని చెప్పింది. మరి సాయంత్రం నెంబరు ఎందుకు దిగదు అన్నయ్యా? దేవత మీద కూడా అబద్ధమేనా? నేను సూది పెంచుకుంటూనే ఉన్నాను.

పొద్దున్న లేచేసరికి చెమటతో రవిక తడిసిపోయి ఉంటుంది. చేతులు వణుకుతుంటాయి, దొరికిపోయిన దొంగలాగా. ఊరికే కసురుకుంటుంది. మొన్న నన్ను పట్టుకుని, చచ్చిపోయిన పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. గంజి తాగాక మామూలైపోతుంది. చుట్ట లేక అలా చేస్తోందని మీ బావ, నాటకమని నేను. ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడుకోవడం లేదు.

అమ్మ మీద నాకున్న కోపం నీకు తెలియదు. కోపం కూడా కాదేమో. వీధిలో నడుస్తుంటే అందరూ మన ఇంటి గురించే నవ్వుకుంటున్నట్టుంటుంది.

సంధ్య


రంగత్,
4-6-2025

సంధ్యా,

నీకు బుద్ధుందా? గీత గీసింది దేనికి? ఆ మాటలు నీకు రాశాను, అరుగు మీద చదవమన్నానా? "ఆడే రాసినాడా" అని అమ్మ అడిగిందని చదివాక నేను పనిలో మేకు మీద కొట్టబోయి వేలు మీద కొట్టుకున్నాను. ముసలిది అని రాశాను కదే. నా చేతులు విరగ.

కానీ తప్పు ఆవిడదే. దాన్ని మనం మరిచిపోకూడదు. చెమటలూ వణుకూ చుట్ట మానేసినందుకే, నాకు తెలుసు. ఖైనీ మానినప్పుడు నేనూ ఇలాగే మనుషుల మీద పడి కరిచాను. నెల్లాళ్లలో తగ్గుతుంది. గట్టిగా ఉండు. సూది ఆపకు.

అమ్మకు ఈ ఉత్తరం చదవకు. నేను అడిగానని మాత్రం చెప్పు.

లోకనాథ్


వజ్రపుకొత్తూరు,
7-6-2025

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, అమ్మ బతికే ఉంది. మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఇది చదివి నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

మంగళవారం పొద్దున్న పాకలో కూర్చున్నాం. అమ్మ కత్తి పట్టుకుంది గాని కాయ మీద పడటం లేదు, పక్కన నేల మీద గీస్తోంది. మాట ముద్దగా వస్తోంది. ఒళ్లంతా నీళ్లు కారిపోతోంది. నేను చూసి కూడా మాట్లాడలేదు అన్నయ్యా. నాటకమే అనుకున్నాను. కత్తి జారి కాలి దగ్గర పడ్డాక అప్పలమ్మ పిన్ని అరిచింది, "ఓలె, ఇది సుగరు పడిపోయినట్టుందే! మా ఆడపడుసుకి ఇలాగే అయ్యేది. ఏదేనా తీపి ఎట్టు నోట్లో!"

చుట్టూ తొనలే. చేతిలో ఉన్నదే చీల్చి అమ్మ నోటి దగ్గర పెట్టాను. పళ్లు బిగించేసింది. బుగ్గలు నొక్కాను, తెరవలేదు. కళ్లు ఎక్కడో ఉన్నాయి, నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. పళ్ల సందుల్లోంచే అంది, "వొద్దు... తిన్నానంతారు... నాను తిన్నేదు."

"తినమ్మా, నేనే పెడుతున్నాను, తిను" అని కాళ్లు పట్టుకున్నాను. "నోకనాదుకి సెప్పండి, నాను తిన్నేదు" అంటూ పక్కకు ఒరిగిపోయింది. తెలివి లేని స్థితిలో కూడా ఆ ఒక్క మాట మరిచిపోలేదు.

మీ బావ ఆటోలో తొనల గంపలు కిందికి తోసేసి ఎక్కించాడు. పలాస చేరేదాకా తల నా ఒళ్లోనే ఉంది. ఆసుపత్రిలో చూస్తే నెంబరు ముప్ఫై ఎనిమిది. నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచింది. ఆ సిస్టరే ఉంది. ఇంత ఇన్సులిన్ ఎందుకిచ్చావని నన్ను నిలదీసింది. రక్తంలో ఉన్న చక్కెరంతా కండల్లోకి తోసేశావమ్మా, మెదడుకి ఏం మిగిల్చావు, దానికి ఆ చక్కెర తప్ప ఇంకో తిండి లేదు, దాచుకోవడం కూడా తెలియదు అంది. పొద్దున్న చెమటలు, వణుకు, మతిలేని మాటలు అన్నీ అవేనట. నాలుగొందలు చూపించిందండీ అన్నాను. నాలుగొందలున్న మనిషి పొద్దుటికి ఇలా పడదే అని ఆవిడ ఆలోచనలో పడింది. డాక్టరు మళ్లీ మొదటి మోతాదుకే తెచ్చారు.

అసలు సంగతి ఇంకా రాయలేదు.

ఇంటికి తెచ్చిన మర్నాడు అమ్మను పడుకోబెట్టి పాక పనంతా నేనే చేశాను. దిగులుతో పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. సాయంత్రం నూనె రాసి చేతులు తుడుచుకుని మిషను తీశాను. తల్లికుంటే పిల్లలకూ వస్తుంది, నువ్వూ ఒకసారి చూసుకో అని సిస్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. వేలికి స్పిరిట్ దూది రాసి పొడుచుకున్నాను.

మూడొందల ఎనభై.

నాకూ వచ్చేసిందని ఏడుపు ఆగలేదు. అమ్మ మంచం మీంచి ఎంతుందని అడిగింది, చెప్పాను.

"తొనలు తిన్నావేటే?"

"లేదమ్మా. నీ మీదొట్టు, పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తాగలేదు."

"నువ్వు నేదంతే నేదే" అంది. అంతే. మళ్లీ అడగలేదు. నోరు చూపించమనలేదు. కొంగు విప్పమనలేదు. నెల రోజులు నేను నమ్మనిది, నన్ను ఒక్క మాటకు నమ్మేసింది. భూమి చీలితే బాగుండనిపించింది.

పొడిచిన వేలి నుంచి ఇంకా రక్తం వస్తుంటే నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది అన్నయ్యా.

పక్క వేలు నాకాను. అదీ తీపే. నూనె వాసన కింద పనస తీపి. నీళ్లు తగిలితే జిగురు ఇంకా అంటుకుంటుందని మనం పాకలో నీళ్లు ముట్టుకోం కదా. నూనె జిగురును తీస్తుంది, తీపిని తియ్యదు. స్పిరిట్ కూడా తియ్యలేదు. చేతులు సబ్బుతో కడిగించు అని సిస్టరు మొదటి రోజే చెప్పింది. నూనెతో తుడిచి స్పిరిట్ రాస్తే కడిగినట్టే అనుకున్న మొద్దును నేను. పంపు దగ్గరికి పరుగెత్తి మోచేతుల దాకా సబ్బుతో తోముకుని మళ్లీ చూశాను. తొంభై ఆరు.

మిషను చూపించింది అమ్మ రక్తంలో చక్కెర కాదు, అమ్మ వేలి మీద చక్కెర. రోజంతా ఇంటికోసం పనిచేసిన చేతుల మీద ఉన్నది. దాన్ని చూసి నేను సూది పెంచాను, నువ్వు ఆ ఉత్తరం రాశావు.

అమ్మకు చెప్పాను. విన్నది. "అలాగా" అని అటు తిరిగి పడుకుంది. తిట్టలేదు. తిడితే నేను బతుకుదును.

సంధ్య


రంగత్,
19-6-2025

సంధ్యా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. నేను ముందు పంపిన ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. చింపెయ్. తప్పు ఆవిడదే, సూది ఆపకు అని రాశాను అందులో. అది పోస్టులో వేసిన రోజుకు అమ్మ ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిందో లేదో. నా తల్లి ప్రాణం మీదికి వస్తుంటే నేను ఇక్కడ కూర్చుని ఖైనీ కబుర్లు చెప్పాను.

ఈ ఉత్తరంలో గీత లేదు. అంతా చదువు. ఇంట్లో కాదు, పాకలో చదువు, అప్పలమ్మ పిన్ని వినేలా చదువు. ఆ రోజు అరుగు మీద ఎంత గొంతు పెట్టావో అంత గొంతు పెట్టు.

అమ్మా, నువ్వు తినలేదు. నేను నమ్మలేదు. నిన్ను దొంగ అన్నాను, ముసలిదన్నాను, ఇంటికి రావద్దన్నాను. నాన్న పోయాక నువ్వు ఆ పాకలో కూర్చునే ఇల్లు నెట్టుకొచ్చావు. అమ్మే సరుకు నోట్లో పెట్టకూడదని చిన్నప్పుడు నా చేతి మీద కొట్టింది నువ్వే. అది కూడా నాకు గుర్తు రాలేదు. నాకు భయం వేసింది అమ్మా, నాన్నలాగా నువ్వూ పోతావని. భయం అని చెప్పుకోవడానికి సిగ్గేసి తిట్టాను. ఫోన్ చేద్దామని గుట్టెక్కి, నెంబరు నొక్కలేక దిగొచ్చాను. నువ్వు మాట్లాడమంటేనే మాట్లాడతాను.

నీ కొడుకు,
లోకనాథ్


వజ్రపుకొత్తూరు,
1-7-2025

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగితే పిన్ని మంచినీళ్లిచ్చింది. అమ్మ చేతిలో పని ఆపకుండా విన్నది. అయిపోయాక, "వేలు మానిందా ఆడికి?" అని అడిగింది. నీ వేలి సంగతి నేనే చెప్పాను, చదవకన్న ఉత్తరమే అయినా. మానిందో లేదో నువ్వే రాయి.

ఇప్పుడు నెంబరు బాగుంటోంది. పొద్దున్న చెమటలు లేవు. చుట్ట మళ్లీ అడగలేదు, నేనిస్తానన్నా వద్దంది. కానీ ఒక పని చేస్తోంది. సాయంత్రం పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో తోముకుని వచ్చి నా ముందు కూర్చుంటుంది. రెండు చేతులూ చాపి, "సూడు" అంటుంది. తర్వాత నోరు తెరుస్తుంది. "ఎందుకమ్మా, వద్దు" అని నేను మొహం తిప్పుకుంటే, నేను చూసేదాకా అలాగే తెరిచి కూర్చుంటుంది. కోపంతో చేస్తోందా అంటే కాదు. అలవాటు చేశాను కదా. రోజూ ఆ నోరు చూడటం కంటే నన్ను చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

పనసకాయలు ఆఖరుకొచ్చాయి. నిన్న చివరి లోడు. పిన్నితో పాటు వాళ్ల కోడలు, ఎదురింటి కాంతమ్మ కూడా సాయానికొచ్చారు. మధ్యాహ్నం పని ఎక్కువై అన్నం ఆలస్యమైంది. అమ్మ చెయ్యి వణకడం చూశాను. ఈసారి ఆలోచించలేదు. సబ్బుతో చెయ్యి కడిగి, ఇప్పుడు పాకకు కూడా వెంట తెచ్చుకుంటున్న మిషను పెడితే అరవై రెండు. ఇలా అయినప్పుడు తీపి పెట్టాలని సిస్టరు చెప్పింది. కష్టపడి పనిచేస్తే కండలు చక్కెరను ఎక్కువగా లాగేసుకుంటాయట, ఇంటికెళ్లి గ్లూకోజు తెచ్చేదాకా ఆగాలంటే నాకు భయమేసింది. తొన ఒలిచి గింజ తీసి అమ్మ ముందు పట్టుకున్నాను. చెయ్యి చాపి ఉంచానంతే.

అమ్మ దాన్ని చూసింది. పెదాలు బిగించింది. నాకు ఆ మంగళవారం గుర్తొచ్చింది. తర్వాత తల తిప్పి పిన్నినీ, కోడలినీ, కాంతమ్మనూ ఒక్కొక్కర్నీ చూసింది.

"అందరూ సూత్తన్నారా?" అంది. "నూకాలమ్మకి నాను సెప్పుకుంతాను. ఇప్పుడు తింతన్నాను. నా కూతురు ఎడతంది, నాను తింతన్నాను."

నా చేతిలోంచి తీసుకోలేదు. నోరు తెరిచింది, నేను పెట్టాను. మెల్లిగా నమిలింది. మింగాక కళ్లు తుడుచుకుని నాతో అంది:

"మీ అన్నకి రాయి. ఇయ్యాల తిన్నాదని రాయి."

రాస్తున్నాను అన్నయ్యా. నిన్న అమ్మ ఒక తొన తిన్నది.

నీ చెల్లెలు,
సంధ్య